యలవర్తి వారి ఊరు

అమృతలూరు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతే ఇంటిపేర్ల పట్టిక చదువుతున్నట్టే ఉంటుంది. గోవాడ, పెదపూడి, తురుమెళ్ల ఉన్నవి ఉన్నట్టే ఇంటిపేర్లయ్యాయి. ఇంటూరు మాత్రం ఇంటూరి అయింది, యలవర్రు యలవర్తి అయింది. ఇది నోరు తిరగక వచ్చిన మార్పు కాదు. పాడు పాటి కావడం, పామర్రు పామర్తి కావడం తెలుగు వ్యాకరణ పద్ధతే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలన్నది విభక్తులకు ముందు ఇలా వచ్చే ఇ, టి, తి వర్ణాలనే. కాబట్టి ఇంటిపేరంటే అచ్చంగా ఊరి పేరు కాదు, ‘ఫలానా ఊరి వాళ్లు’ అనడంలో మొదటి ముక్క. ఆ మాటతో ఊళ్లోవాళ్లకు పనేముంది? అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే. వలస వెళ్లిన చోట, కొత్తవాళ్లను చూసిన పాతకాపులకే ఆ గుర్తు కావాలి. తెనాలి రామకృష్ణుడి ఇంటిపేరు గార్లపాటి అని సాహిత్య సంప్రదాయం. తెనాలిలో గార్లపాటి వారైన మనిషి రాయల కొలువులో తెనాలివాడయ్యాడు. ఇంగ్లండులోనూ ఇదే తీరు. షఫుల్‌బాటమ్ అనే అరుదైన ఇంటిపేరు విని నవ్వుకుంటారు గానీ, అది లాంకషైర్‌లోని షిప్పర్‌బాటమ్ అనే చోటి పేరే, నోళ్లలో నలిగి అలా అయింది.

అయితే ఇంటిపేరు పట్టుకుని పూర్వీకుల ఊరికి తిన్నగా నడిచిపోవచ్చా? కూచిపూడి అమృతలూరు మండలంలో ఒకటుంది, నాట్యానికి పేరుపడ్డది కృష్ణా జిల్లాలో ఇంకొకటి. కొల్లూరు మనకు పొరుగునే ఉంది, వజ్రాల గనుల కొల్లూరు పల్నాడు వైపుది. పైగా ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. ఇది నా వాదానికి అడ్డమని కొందరంటారు, నాకైతే బలమనిపిస్తుంది. పేరు పెట్టింది రక్తసంబంధం కాదు, ఊరు. ఒకే ఊరు వదిలిన కుమ్మరికీ కరణానికీ అదే గుర్తు దక్కుతుంది.

అసలు చిక్కు యలవర్తి నాయుడమ్మ దగ్గర వస్తుంది. మద్రాసు తోళ్ల పరిశోధనా సంస్థను నడిపిన ఆ శాస్త్రవేత్త 1922లో పుట్టింది యలవర్రులోనే. వలస వల్లే పేరు వచ్చిందంటే ఊళ్లోనే ఉన్న ఇంటికి అది ఎలా అంటింది? వెళ్లినవాళ్లు పేరుతో సహా తిరిగి వచ్చి ఉండవచ్చు. అంతకంటే నాకు నచ్చే సమాధానం మరొకటి: పేరు పుట్టడానికి ఊరు విడవాల్సిన పనే లేదు, బయటివాళ్లు పిలిస్తే చాలు. పెళ్లి సంబంధాలకో, పంచాయతీ తగవులకో, శిస్తు లెక్కలకో ఊరి తరఫున గడప దాటే ఇంటిని పొరుగూరి వాళ్లు ఊరి పేరుతోనే పిలుస్తారు. ఈ రెండింటిలో ఏది నిజమో ఒక్కో ఇంటికి విడిగా తేల్చాలి. దానికి వ్యాకరణం చాలదు. కాలిన్ మెకంజీ సేకరించిన ఊళ్ల చరిత్రలైన కైఫీయత్తుల్లో కరణాలెవరు, ఇనాములెవరివి అన్న లెక్కలు పక్కన పెట్టుకుని చూడాలి.