వేసవి అమ్మకానికి వేలాడే కుండీలు: ఎండను తట్టుకునే మొక్కల ఎంపిక

బాల్కనీలు, వరండాల్లో వేలాడదీసే పూల కుండీలను నర్సరీల్లో హ్యాంగింగ్ బాస్కెట్లు అంటారు. కడియం వంటి నర్సరీ ప్రాంతాల్లోనే కాదు, పట్టణాలకు దగ్గరలో ఉన్న చిన్న రైతులు కూడా వీటిని కొద్ది స్థలంలో పెంచి అమ్ముకోవచ్చు. అయితే చలికాలంలో బాగా పూసే పెటునియా, పాన్సీలనే ఏప్రిల్, మే నెలల్లోనూ పెంచితే పెట్టుబడి ఎండకు మాడిపోతుంది. కొన్నవారి ఇంట్లో వారానికే మొక్క చనిపోతే వారు మళ్ళీ మీ దగ్గరకు రారు.

వేలాడే కుండీకి ఎండ దెబ్బ ఎందుకు ఎక్కువ?

నేలలో పెరిగే మొక్క వేళ్ళు తేమ కోసం లోతుకు పోతాయి. వేలాడే కుండీలో మట్టి తక్కువ, పైగా అన్ని వైపులా వేడిగాలి తగులుతుంది. నల్లటి ప్లాస్టిక్ కుండీ కాగితే వేళ్ళు దెబ్బతింటాయి. అందుకే లేత రంగులో, 8 నుంచి 10 అంగుళాల వెడల్పున్న, అడుగున రంధ్రాలున్న కుండీలు తీసుకోండి.

చోటును బట్టి మొక్కలు

పూర్తి ఎండకు: గడ్డి గులాబీ. దీన్నే టేబుల్ రోజ్ అని కూడా అంటారు. మందపాటి ఆకుల్లో నీటిని దాచుకుంటుంది. నీడలో సరిగా పూయదు. 3–4 అంగుళాల కొమ్మ ముక్కలు కుండీకి 5–6 చొప్పున నాటితే సులభంగా వేరు పోసుకుంటాయి. బిళ్ళ గన్నేరులో వాలుగా పెరిగే రకాలు కూడా ఎండకు బాగా పూస్తాయి, కానీ నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది.

ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటుకు: ఊదా రంగు ఆకుల ట్రాడెస్కాంటియా. పూలు చిన్నవైనా ఆకుల అందానికే అమ్ముడుపోతుంది.

నీడ వరండాలకు: మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్. వీటిని నేరుగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి. 50 శాతం షేడ్‌నెట్ కింద పెంచండి.

మట్టి మిశ్రమం

కోకోపీట్ 2 పాళ్ళు, ఎర్రమట్టి 1 పాలు, వర్మీకంపోస్టు 1 పాలు కలిపి, కొద్దిగా వేపపిండి చేర్చండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండవచ్చు కనుక ముందుగా రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలి. గడ్డి గులాబీకి ఇసుక కూడా కలిపితే నీరు త్వరగా దిగిపోతుంది.

నీటి యాజమాన్యం

ఉదయం 8 గంటల లోపు, అడుగు నుంచి నీరు కారేదాకా పోయండి. ఎండలు ముదిరినప్పుడు సాయంత్రం వేలితో మట్టిని తాకి చూసి, పొడిగా ఉంటేనే మళ్ళీ పోయండి. కోకోపీట్ పూర్తిగా ఆరితే పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంది, వేళ్ళకు అందదు. అప్పుడు కుండీని నీళ్ళ తొట్టిలో 10–15 నిమిషాలు ఉంచి తీయండి.

పురుగులు

వేసవిలో ఎర్రనల్లి, పిండినల్లి వస్తాయి. ఆకుల అడుగు భాగాన్ని తరచుగా చూడండి. కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేయండి.

అమ్మే ముందు

ఎండ మొక్కలను షేడ్‌నెట్ కింద పెంచి ఉంటే నేరుగా అమ్మకండి. మొదట ఉదయం రెండు గంటలు, తర్వాత రోజూ కొంచెం ఎక్కువసేపు ఎండ చూపుతూ 7 నుంచి 10 రోజులు అలవాటు చేయండి. కొనేవారిని కుండీ ఎక్కడ వేలాడదీస్తారో అడిగి, ఆ చోటుకు సరిపోయే మొక్కే ఇవ్వండి.

హెచ్చరిక: బిళ్ళ గన్నేరు పశువులకు విషం. కత్తిరించిన కొమ్మలను మేకలు, గేదెలు తినే చోట పారవేయకండి. ఇంట్లో చిన్న పిల్లలున్న కొనుగోలుదారులకూ ఈ సంగతి చెప్పండి.

మొదటి ఏడాది 20–30 కుండీలతో మొదలుపెట్టండి. మీ ఎండకు నిలిచి, త్వరగా అమ్ముడైన మొక్కలనే మరుసటి వేసవికి పెంచుకోండి.