బస్తాకి వాలు, మనిషికి మెట్టు

నాన్నకి పక్షవాతం వచ్చిన రెండో ఏడు, పాత అలవాటు మళ్లీ మొదలవుతుందేమోనని మా వైపు ఒక గ్రంథాలయానికి తీసుకెళ్లాను. ఎదురుగా ఏడు మెట్లు. వాచ్‌మన్, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు, నేను కలిసి ఆయన్ని కుర్చీతో సహా ఎత్తాం. "ఏం భయపడకండి మాస్టారూ, బస్తాలు మోసినోళ్లమేనండి" అన్నాడు వాచ్‌మన్, ప్రేమగానే. నాన్న లోపల అరగంట పేపరు చూశారు. ఇంటికొచ్చాక "ఇంకెప్పుడూ తీసుకెళ్లకురా" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి.

బస్తా అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

డెల్టాలో మెట్లకి ఒక న్యాయమైన కారణం ఉంది: వరద. 1953, 1986 వరదలు చూసినవాళ్లెవరూ పల్లంలో పునాది వెయ్యరు. అరుగు ఎంత ఎత్తుంటే ఇంటికి అంత మర్యాద కూడానూ. కచేరీలు, కోర్టులు వచ్చి ఆ ఎత్తుకి దొరతనం కలిపాయి. పైన స్తంభాలు, ముందు వెడల్పాటి మెట్లు, కింద అర్జీ పట్టుకుని పైకి చూసే జనం. ఎత్తు నీళ్ల కోసమా, అధికారం కోసమా అన్నది మనం అడగడం మానేశాం.

అలాగని ఇది వాలు తెలియని ప్రాంతం కాదు. ఎడ్లబండి రేవులోకి దిగడానికి వాలు. లారీ మీదకి ధాన్యం బస్తాలు ఎక్కించడానికి వాలుగా వేసిన బల్ల. కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి రేవుల్లో కార్లు, మోటారు సైకిళ్లు పంటు మీదకి దొర్లుకుంటూ ఎక్కుతాయి, ఎవరూ ఎత్తక్కర్లేదు. గొడ్డుకీ, బండికీ, బస్తాకీ దారి ఆలోచించిన ఊళ్లు నడవలేని మనిషి దగ్గరికొచ్చేసరికి "నలుగురం ఉన్నాంగా, ఎత్తేస్తాం" అన్నాయి.

ఇదే నేల మీద 'అందరికీ పుస్తకం' అన్న మాట పుట్టింది. నాళం కృష్ణారావు 1898లో రాజమండ్రిలో గ్రంథాలయం పెట్టినప్పుడు కుర్రాడే. గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకున్న అయ్యంకి వెంకటరమణయ్యది తూర్పుగోదావరిలోని కొంకుదురు. పక్కన కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం 1930లలో కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన మనకి అప్పుడే ఉంది. కట్టడాల దగ్గరికి మాత్రం అది చేరలేదు. వాళ్లని తప్పు పట్టడానికి కాదు ఈ మాట. వాళ్ల తర్వాత మనం ఏం చేశామన్నదే నా సందేహం.

చట్టం 1995లో వచ్చింది. ప్రభుత్వ భవనాలకి ర్యాంపులు కట్టాలంది. 'ఆర్థిక స్థోమత మేరకు' అని కూడా అంది. ఆ షరతు చాలు, ఇరవై ఏళ్లు గడిచిపోవడానికి. 2004 ఎన్నికలప్పుడు జావేద్ అబీదీ సుప్రీంకోర్టుని కదిలిస్తే పోలింగ్ కేంద్రాల్లో చెక్క ర్యాంపులు పెట్టమని కోర్టు చెప్పింది. ఓటేసే రోజు ముచ్చట అది. ఆ బడిలోనే చదివే పిల్లకి మర్నాడు ఆ చెక్క ఉంటుందా?

2016 చట్టం స్థోమత షరతు తీసేసి, నియమాలు వచ్చిన ఐదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలన్నీ మార్చమంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022తో అయిపోయింది. ఈ లోపు మన రాష్ట్రంలో వికలాంగులు 'విభిన్న ప్రతిభావంతులు' అయ్యారు. పేరు మార్చడానికి సిమెంటు అక్కర్లేదు కదా.

గోదావరి జిల్లాల నుంచి ఈ కథలో ఒక పేరు తప్పకుండా చెప్పాలి. జి.ఎన్. సాయిబాబా. 1967లో అమలాపురంలో పుట్టారు. ఐదేళ్లప్పుడు పోలియో. చిన్నప్పుడు చేతుల మీద పాకుతూ తిరిగారు. కోనసీమలో డిగ్రీ, హైదరాబాద్‌లో ఎంఏ, ఢిల్లీలో ఇంగ్లీషు అధ్యాపకుడి ఉద్యోగం. చక్రాల కుర్చీ ఢిల్లీ చేరాకే అందిందని చదివాను. అంటే అంతవరకూ ఆయన ఎన్నో మెట్లు అరచేతులతో ఎక్కినవే. 2014 మేలో అరెస్టయ్యారు, 2017లో యావజ్జీవం పడింది, 2024 మార్చిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అంది. ఆయన రాజకీయాల మీద మీ అభిప్రాయం మీది. నేను మాట్లాడేది చక్రాల గురించి. 90 శాతం వైకల్యం ఉన్న మనిషిని ఉంచిన అండా సెల్‌లో కుర్చీ తిరగడానికి చోటు లేదు. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా తోటి ఖైదీలు ఎత్తాల్సి వచ్చేదని విడుదలయ్యాక ఆయనే చెప్పారు. జైలు కూడా ప్రభుత్వ భవనమే. చట్టం దాన్ని మినహాయించలేదు.

2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన చనిపోయారు. సరిగ్గా 27 రోజులకి, నవంబరు 8న, రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రం కోర్టుకి నివేదిక ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలని నియమాలు సలహాల్లా రాశాయని, అది చట్టానికే విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరి నియమాలు రాయడానికి కేంద్రానికి మూడు నెలలిచ్చింది. రతూరీ చూపులేని మనిషి. ర్యాంపొక్కటే సరిపోదన్న సంగతి ఆయన పేరులోనే ఉంది.

ర్యాంపు కట్టడంలోనూ లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవు కావాలి. ఆ ఏడు మెట్లు, మెట్టుకి ఆరంగుళాల చొప్పున మూడున్నర అడుగులు. అంటే 42 అడుగుల వాలు, మధ్యలో ఆగడానికి చదును. చాలాచోట్ల పన్నెండడుగుల్లో ముగించి, బోర్డు పెట్టి, ఫొటో తీసుకుంటారు. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే మళ్లీ నలుగురు కావాలి. ఈ లెక్క నాన్నకి చెబితే కాగితం అడిగారు. ఎడమ చేత్తో, వంకర అంకెల్లో 3.5 × 12 వేసి, కింద రెండు గీతలు గీశారు.

సంక్రాంతికి అమలాపురం అత్తయ్య వాళ్లింటికి వెళ్లాం. వంతెన మీదుగా వెళ్లొచ్చు కానీ ఆయనకి కోటిపల్లి రేవే కావాలి. పంటు బల్ల దించారు. మా ముందు ఒక ఆటో, వెనక కొబ్బరికాయల ట్రాలీ. మధ్యలో నాన్న కుర్చీ. నేను ఒక్కణ్ణే తోశాను. గౌతమి సగం దాటాక వెనక్కి తిరిగి, "ఎవరన్నా సాయం పట్టారా?" అని అడిగారు. లేదన్నాను.