ఎడారి గొర్రెలకు నీటి తొట్లు

అమెరికా నైరుతి ప్రాంతంలోని కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా ఎడారుల్లో వన్యప్రాణుల దాహం తీర్చడానికి కట్టిన వాననీటి తొట్లను గజ్లర్లంటారు. మొదట వీటిని కట్టింది కౌజుపిట్టల కోసం. కాలిఫోర్నియా ప్రభుత్వంలో వన్యప్రాణి నిపుణుడైన బెన్ గ్లేడింగ్ 1943లో ఈ నమూనాను ప్రచురించాడు. ఏటవాలు నేల మీద సిమెంటు చప్టా పరుస్తారు. దాని దిగువన, కప్పు వేసిన తొట్టిని భూమిలో పాతుతారు. చప్టా మీద పడ్డ వాన తొట్టిలోకి జారుతుంది. తొట్టి అడుగు వాలుగా ఉండడంతో, నీటిమట్టం తగ్గేకొద్దీ పిట్ట ఇంకాస్త లోపలికి నడిచి తాగుతుంది. మోటారుతో, కరెంటుతో పని లేదు. నూరు చదరపు మీటర్ల చప్టా మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే లెక్క ప్రకారం 2,500 లీటర్లు చేరతాయి. నల్లమల అడవుల్లో వేసవికి ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లనే నీటి గుంటలకూ దీనికీ ఉన్న తేడా అదే: మంచి ఏడాదిలో గజ్లర్ దగ్గరికి మనిషి వెళ్లనక్కర్లేదు.

పిట్టల తర్వాత వంతు బిగ్‌హార్న్ గొర్రెది. మెలితిరిగిన బరువైన కొమ్ములతో రాతి కొండల మీద బతికే ఈ అడవిగొర్రె వేట వల్లా, పెంపుడు గొర్రెల నుంచి అంటుకున్న రోగాల వల్లా బాగా తగ్గిపోయింది. అరిజోనాలో దీన్ని కాపాడాలని 1936లో ఫ్రెడరిక్ రస్సెల్ బర్నమ్ అనే స్కౌటింగ్ ప్రముఖుడు పూనుకుంటే, బాయ్ స్కౌట్ పిల్లలు రాష్ట్రమంతటా ప్రచారం చేశారు. ఫలితంగా 1939 జనవరిలో కోఫా, కబేజా ప్రియేటా అభయారణ్యాలు ఏర్పడ్డాయి. అయితే భూమి దక్కినంత మాత్రాన నీరు దక్కలేదు. ఊటలను గనులు, పశువుల మందలు ఆక్రమించాయి. ఒక కొండ ఎండిపోతే మరో కొండకు వెళ్లే దారులను రహదారులు, కాలువలు తెంచేశాయి.

ఆ లోటు పూడ్చడానికి స్వచ్ఛంద సంఘాలు ముందుకొచ్చాయి. 1964లో కాలిఫోర్నియాలో బిగ్‌హార్న్ సంరక్షణ సంఘం, అదే ఏడాది లాస్ వేగస్‌లో మరొకటి, 1967లో అరిజోనాలో ఇంకొకటి పుట్టాయి. సభ్యుల్లో వేటగాళ్లు చాలామంది. గొర్రెల మంద పెరిగితే వేట అనుమతులూ పెరుగుతాయన్న ఆశ వాళ్లకు లేకపోలేదు. అంతమాత్రాన ఎండలో వాళ్లు మోసిన సిమెంటు బస్తా బరువు తగ్గదు. సెలవు రోజుల్లో కొండల్లోకి వెళ్లి, వాగుకు అడ్డుగా చిన్న గోడ కట్టి, పెద్ద ట్యాంకులు పాతి, గొట్టం ద్వారా నీటిని తాగుడు తొట్టికి తెచ్చేవారు. దారిలేని చోట్లకు సామాను హెలికాప్టర్‌లో చేరేది. సహజమైన రాతి గుంటలకు గోడలు కట్టి ఎక్కువ నీరు నిలిచేలా కూడా చేశారు.

ఇంత శ్రమా జరిగాక గానీ, ఈ నీటి వల్ల జంతువులకు నిజంగా ఎంత మేలన్న ప్రశ్న గట్టిగా వినిపించలేదు. 1995లో బిల్ బ్రాయిల్స్ అనే రచయిత ఒక శాస్త్రీయ పత్రికలో ఆ ప్రశ్న వేశాడు. అదే ఏడాది మొహావి ఎడారిలోని ఓల్డ్ డాడ్ శిఖరం దగ్గర రెండు గజ్లర్ల వద్ద కనీసం 45 బిగ్‌హార్న్‌లు చచ్చిపోయాయి. తొట్టిలో పడి చచ్చిన జంతువుల కళేబరాలతో నీరు విషమైందని పరిశోధకులు అనుమానించారు. కొన్ని పాత తొట్లలో ఎడారి తాబేళ్లు దిగి, పైకి ఎక్కలేక చచ్చిన ఆనవాళ్లూ దొరికాయి.

ఆ తర్వాత తగవు కోర్టుకెక్కింది. కోఫాలో గొర్రెల సంఖ్య 2000లో ఎనిమిది వందల పైచిలుకు ఉండగా 2006 నాటికి 390కి పడిపోయింది. మరుసటి ఏడాది అక్కడ రెండు నీటి ట్యాంకులు కట్టారు. కానీ కోఫాలో చాలా భాగాన్ని 1990లోనే, తప్పనిసరైతే తప్ప మనిషి కట్టడాలకు తావులేని నిర్జన వనంగా చట్టం ప్రకటించింది. వేట ఆపడం, కాలిబాటలు మూయడం వంటి మార్గాలుండగా ట్యాంకులే ఎందుకు తప్పనిసరో అధికారులు చూపలేకపోయారని 2010 డిసెంబరులో అప్పీలు కోర్టు తప్పుపట్టింది.

ఊటలు లాక్కున్న చోట తొట్టి కట్టడం న్యాయమే. కట్టి వదిలేయడమే ప్రమాదం. వరుస కరువుల్లో చప్టా మీద చినుకు పడదు, తొట్టికి అలవాటుపడ్డ మంద మాత్రం అక్కడికే వస్తుంది. అందుకే ఈ సంఘాల పనిలో ఇప్పుడు కొత్త కట్టడాలతో పాటు పాత వాటి మరమ్మతు, తనిఖీ, వేసవిలో లారీల మీద నీరు తోలడం కూడా ఉన్నాయి.