పండుగ కార్డుల్లో చేతిరాత: తిరుత్తణి సీమ తెలుగువారి చరిత్రలో ఒక పుట

అచ్చయిన పండుగ కార్డు మీద పంపేవారు సొంత దస్తూరితో చేర్చే రెండు మూడు వాక్యాలను చరిత్రకారులు అరుదుగా పట్టించుకుంటారు. అయితే తమిళనాడులోని తిరుత్తణి, దానికి సమీపంలోని కే.జీ.కండిగై వంటి ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నందువల్ల, ఆ వాక్యాలను ఏ లిపిలో, ఏ మర్యాదతో రాశారన్నది ఆ సీమ భాషా చరిత్రలో విడదీయరాని భాగం.

కార్డు రాకముందే తెలుగువారి ఉత్తరాలకు స్థిరమైన కట్టుబాటు ఉండేది. పెద్దలను 'మహారాజరాజశ్రీ' అనే గౌరవ సంబోధనకు పొడి అక్షరాలైన 'మ.రా.రా.శ్రీ'తో, పిన్నలను 'చిరంజీవి'తో పలకరించి, ఇక్కడ క్షేమం, అక్కడి క్షేమం కోరుతున్నామనే అర్థంలో 'ఉభయకుశలోపరి' అని రాసి, ఆ తర్వాతే విషయంలోకి వెళ్ళేవారు. చిన్నవారు నమస్కారాలు, పెద్దవారు ఆశీస్సులు పంపడం తప్పనిసరి. దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టి తపాలా రుసుము నిర్ణయించే పద్ధతి 1854లో దేశమంతటా అమలుకు రావడం, 1879లో కాలణా పోస్టుకార్డు వెలువడడం వల్ల ఈ మర్యాదలు సామాన్య గృహాలకూ అందాయి. చదువురానివారి తరఫున బడిపంతులో, పోస్టుమ్యానో రాసిపెట్టేవారు.

అచ్చు శుభాకాంక్షల కార్డు ఇంగ్లండులో పుట్టింది. 1843లో హెన్రీ కోల్ కోరిక మీద జాన్ హార్స్‌లీ గీసిన క్రిస్మస్ కార్డును ఆ కోవలో తొలి వాణిజ్య కార్డుగా చెబుతారు. వలస పాలనలో సంవత్సరాది శుభాకాంక్షలకు అధికార మర్యాద కూడా తోడైంది. జనవరి 1న పళ్ళు, పూలదండలతో తెల్లదొరల దర్శనానికి వెళ్ళడం ఉద్యోగులకు అలవాటయింది. ఆ అలవాటును మళ్ళించి జనాన్ని దైవదర్శనానికి నడిపించాలని వళ్ళిమలై సచ్చిదానంద స్వామి 1917 ప్రాంతంలో తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు ఉన్న 365 మెట్లకు పూజలు చేస్తూ, తిరుప్పుగళ్ కీర్తనలు పాడుతూ ఎక్కే మెట్లోత్సవాన్ని ప్రారంభించారు. డిసెంబరు 31న అది ఇప్పటికీ జరుగుతుంది.

లిపి విషయంలో నిర్ణాయకమైన మార్పు రాష్ట్రాల హద్దుల వల్ల వచ్చింది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో భాగమైన తిరుత్తణి 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది. దాన్ని మద్రాసు రాష్ట్రంలో కలపాలని మా.పొ.శివజ్ఞానం నడిపిన ఉద్యమం, సరిహద్దు వివాదంలో పటాస్కర్ మధ్యవర్తిత్వం, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ఫలితంగా 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో చేరింది. ప్రస్తుతం తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. బంధుత్వాలు మాత్రం నగరి, పుత్తూరు వైపు యథాతథంగా కొనసాగాయి. అందువల్ల తమిళం మాత్రమే రాయడం నేర్చిన తరానికి, సరిహద్దు అవతల తెలుగు మాత్రమే చదవగల మేనత్తకో మేనమామకో సొంతంగా నాలుగు మాటలు రాయడం కష్టమైంది.

తమిళనాట 'పొంగల్ వాళ్త్తు' అని పిలిచే సంక్రాంతి కార్డులు విరివిగా అమ్ముడైన దశాబ్దాలలో ఈ చిక్కు మరింత స్పష్టమైంది. చెరకు గడలు, పొంగలి కుండ, దేవతలు, సినీనటుల బొమ్మలతో వచ్చిన ఆ కార్డుల్లో శుభాకాంక్ష ముందే అచ్చయి ఉండేది. పైగా అచ్చు సామగ్రిని కవరు అంటించకుండా తక్కువ రుసుముతో పంపే బుక్‌పోస్టు పద్ధతిలో ఉత్తరం వంటి రాతకు చోటు ఉండేది కాదు. మనసులోని మాట వివరంగా రాయదలిస్తే ఉత్తరానికి చెల్లించాల్సిన పూర్తి రుసుము కట్టవలసి వచ్చేది. ఈ విధంగా చవక ధర కార్డును ఎందరికో అందుబాటులోకి తెచ్చినా, అందులోని చేతిరాతను సంతకం దాకా కుదించింది.

టెలిఫోను, ఆ తర్వాత సెల్‌ఫోను సందేశాలు కార్డుల వాడకాన్ని బాగా తగ్గించాయి. ఇళ్ళలో మిగిలిన పాత కార్డులను బొమ్మల కోసమే కాక, వాటి మీది రాత కోసమూ భద్రపరచాలి. అచ్చు వాక్యం అందరికీ ఒకటే. పిలుపు, వరస, ఆశీస్సు చేత్తో రాసినవి కాబట్టి, సరిహద్దు కుటుంబాల్లో ఏ తరం వరకు తెలుగు రాత నిలిచిందో, ఏ తరంలో తమిళం దాని స్థానాన్ని తీసుకుందో చెప్పగల ఆధారాలలో అవి ముఖ్యమైనవి.