గుండును చూచి లొంగిన ఓడ

18వ శతాబ్దపు నౌకాయుద్ధములలో శత్రువు ఓడను ముంచుటకంటె పట్టుకొనుటయే లాభము. పట్టుబడిన ఓడ విలువలో నావికులకు వాటా దక్కెడిది. నౌకాదళమునకు ఒక ఓడ పెరిగెడిది. ఫ్రెంచి ఫ్రిగేటు “హెబే” బ్రిటిషువారికి చిక్కిన విధము మాత్రము విచిత్రమైనది.

1782లో బ్రిటిషు నౌకాదళము “రెయిన్‌బో” అను పాత ఓడపై ఒక ప్రయోగము చేసెను. దాని ఫిరంగులను దించి, 48 కారొనేడులను ఎక్కించిరి. స్కాట్లండులోని కారన్ ఇనుప కర్మాగారమున పుట్టిన పొట్టి ఫిరంగి ఇది. దీని గొట్టమునకు, గుండునకు నడుమ సందు తక్కువ. తుపాకిమందు పేలినపుడు పుట్టు వాయువు ఆ సందున వృథాగా పోదు. కావున కొద్ది మందే చాలును. మందు తగ్గినందున గొట్టమును పలుచగా పోయవచ్చును. ఇట్లు ఫిరంగి తేలికయై, చిన్న ఓడయు పెద్ద గుండ్లను వేయగలిగెను. రెయిన్‌బో ఒక ప్రక్కనుండి ఒక్కసారి వేయు గుండ్ల బరువు 318 పౌనులనుండి 1,238 పౌనులకు పెరిగెను. లోపము ఒక్కటే, అదియు చిన్నది కాదు: గుండు దూరము పోదు. శత్రువు ఎడముగా నిలిచి పొడుగు ఫిరంగులతో కొట్టినచో రెయిన్‌బోకు దిక్కు లేదు.

సెప్టెంబరు 4న, ఫ్రాన్సు ఉత్తర తీరమున, బా దీవి చెంత రెయిన్‌బో హెబేను తరిమెను. దాని ముందు భాగమునుండి వచ్చిన 32 పౌనుల గుండ్లు హెబేపై పడెను. ముందు భాగమున చిన్న ఫిరంగులుంచుట నాటి ఆచారము. అచటనే ఇంత గుండు ఉన్నచో, క్రింది అంతస్తున ఎంతటివి ఉండవలెను? ఎదుటనున్నది మహాయుద్ధనౌక యని ఫ్రెంచి కెప్టెన్ ద విన్యీ తలచెను. మర్యాదకు ఒక్క విడత కాల్పులు జరిపి, జెండా దించెను. పాపము, అతని ఊహ సగము నిజమే! క్రింద 68 పౌనుల గుండ్లు వేయునవి ఉండెను. కాని పెద్ద గుండు వేయునది పెద్ద ఓడయే కానక్కరలేదని అతడెరుగడు.

హెబే సరిక్రొత్త ఓడ. జాక్ నోయెల్ సానే రూపొందించగా, ఆ యేడే సాన్ మాలో రేవున నీటిలోనికి దిగినది. బ్రిటిషు శిల్పులు దాని కట్టును కొలిచి పటములు గీసికొనిరి. ఆ నమూనాతో తమకై కట్టుకొన్న తొలి ఫ్రిగేటు “లీడా” 1800లో నీట దిగెను. పిమ్మట మరెన్నో వచ్చెను. వానిలో “ట్రింకోమలీ”ని 1817లో బొంబాయిలో వాడియా వంశపు శిల్పులు టేకుతో కట్టిరి. ఇంగ్లండులోని హార్టిల్‌పూలు రేవున అది నేటికిని నీటిపై తేలుచున్నది.