పని జాబితాలో కార్డు కనిపించడం లేదా? ముందు ఫిల్టర్ చూడండి

వానాకాలం మొదట్లో మా డెస్క్‌లో ఒక పొరపాటు జరిగింది. కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే కథనంలో ఒక పాత నంబరు రెండు రోజులు అలాగే ఉండిపోయింది. దాన్ని మార్చాలన్న కార్డు మా ట్రెల్లో బోర్డులో ఉంది. కానీ దాని మీద ఎవరి పేరూ లేదు. అందరం ‘నా పనులు’ మాత్రమే కనిపించేలా ఫిల్టర్ పెట్టుకున్నాం. దాంతో ఆ కార్డు ఎవరికీ కనిపించలేదు.

ఫిల్టర్ దేన్నీ డిలీట్ చేయదు, దాచిపెడుతుందంతే. ఆఫీసు పనికైనా, అపార్ట్‌మెంట్ సంఘం మరమ్మతుల జాబితాకైనా ఇది వర్తిస్తుంది.

ట్రెల్లోలో ఎలా?

బోర్డు తెరిచి ‘ఫిల్టర్’ నొక్కితే సభ్యులు, గడువు, లేబుళ్ల వారీగా ఎంచుకోవచ్చు. గడువు దాటినవి కావాలంటే ‘ఓవర్‌డ్యూ’. చాలామంది పట్టించుకోనివి మరో రెండున్నాయి: ‘నో మెంబర్స్’, ‘నో డేట్స్’. ఎవరూ తీసుకోని పనులు, గడువు పెట్టని పనులు బయటపడేది వీటితోనే. వారానికోసారైనా ఈ రెండూ నొక్కి చూడండి. మీరు పెట్టిన ఫిల్టర్ మీ తెరకే పరిమితం, పక్కవాళ్ల బోర్డు మారదు.

జిరాలో జాగ్రత్త

ఇక్కడ చిక్కు ఎక్కువ. ‘అసైనీ ఫలానా వ్యక్తి కాదు’ అని షరతు రాస్తే మిగతావాళ్ల పనులన్నీ వస్తాయనుకుంటాం. ఎవరికీ అప్పగించని పనులు మాత్రం రావు. అవి కూడా కావాలంటే ‘అసైనీ ఈజ్ ఎంప్టీ’ అన్న షరతును ‘ఆర్’తో జోడించాలి. ఇంకోటి, జిరా బోర్డు వెనక ఒక సేవ్ చేసిన ఫిల్టర్ ఉంటుంది. దాన్ని మారిస్తే టీమ్ మొత్తానికీ బోర్డు మారిపోతుంది. మీ వరకే కావాలంటే బోర్డు పైనుండే క్విక్ ఫిల్టర్లు చాలు.

గూగుల్ షీట్‌ వాడేవాళ్లకు

చిన్న సంఘాలు, కాలనీలు ఎక్కువగా వాడేది ఇదే. గొడవలు వచ్చేదీ ఇక్కడే! మామూలు ఫిల్టర్ పెడితే షీట్ చూస్తున్న అందరికీ అదే వడపోత కనిపిస్తుంది. ‘ట్యాంకు శుభ్రం చేయించాలన్న వరస ఎవరు తీసేశారు?’ అని గ్రూపులో అడిగేముందు ఫిల్టర్ తీసి చూడండి. కంప్యూటర్‌లో ‘డేటా’ మెనూలోని ‘క్రియేట్ ఫిల్టర్ వ్యూ’తో పెట్టుకుంటే మీరు చూసే తీరే మారుతుంది, మిగతావాళ్ల షీట్ చెదరదు. దానికి ‘గడువు దాటినవి’ లాంటి పేరు పెట్టి ఉంచుకోవచ్చు. ఎడిట్ అనుమతి లేనివాళ్లు కూడా తమవరకు తాత్కాలికంగా ఇలా చూసుకోవచ్చు.

మా డెస్క్‌లో ఇప్పుడు ఉదయం షిఫ్ట్‌కు వచ్చినవాళ్లు ముందు ‘నో మెంబర్స్’ నొక్కుతున్నారు. నిన్న మూడు కార్డులు దొరికాయి, అందులో ఒకటి నాదే.