శాసనములోని హక్కు, పట్టికలోని పేరు

ఓటు హక్కు శాసనమున వ్రాయబడుట యొకటి. ఓటర్ల పట్టికలో మన పేరు నిలుచుట వేఱొకటి. ఈ రెంటి నడుమ దూర మెంతటిదో తెలిసికొనగోరువారికి ఇరువదవ శతాబ్ద ప్రారంభమునాటి అమెరికా ఎన్నికల చరిత్రము చక్కని నిదర్శనము.

ఆ కాలమున అమెరికాలో ఓటు హక్కు ఒకవైపున పెరుగుచుండెను. 1913 వఱకు సెనేటు సభ్యులను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనెడివి; ఆ యేటి పదునేడవ రాజ్యాంగ సవరణతో ఆ యధికారము ప్రజల చేతికి వచ్చెను. స్త్రీలకు వయోమింగు ప్రాంతము 1869లోనే ఓటు నొసగియుండెను. కొలరాడో 1893లోను, కాలిఫోర్నియా 1911లోను ఆ మార్గమునే త్రొక్కినవి. 1916లో మోంటానా రాష్ట్రమునుండి జానెట్ రాంకిన్ అను వనిత కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. దేశమందలి స్త్రీలందఱికిని ఓటు రాకమునుపే ఒక స్త్రీ చట్టసభలో కూర్చుండుట గమనింపదగినది. 1917లో అనేక స్త్రీలు అధ్యక్షుని భవనద్వారమున పతాకములు చేబూని మౌనముగా నిలిచి, చెఱసాల పాలైరి.

తుదకు 1919లో కాంగ్రెసు పందొమ్మిదవ సవరణ నంగీకరించెను. 48 రాష్ట్రములలో 36 దానిని ఆమోదింపవలసియుండెను. 35 ఆమోదించిన పిమ్మట భారము టెన్నెసీపై పడెను. 1920 ఆగస్టు 18న అచటి సభ రెండుగా చీలియుండెను. హారీ బర్న్ అను 24 ఏండ్ల సభ్యుడు అంతకుముందు వ్యతిరేకులతో కూడి ఓటు చేసినవాడే. కాని యతని జేబులో తల్లి వ్రాసిన యుత్తర ముండెను. స్త్రీల పక్షమున నిలువుమని యామె కోరెను. తుది ఓటింగున నతడు పక్షము మార్చెను. సవరణ గెలిచెను. ఒక్క ఓటు విలువ యెంతటిదో చెప్పుట కింతకుమించిన కథ యేల?

ఇది యొకవైపు. మఱొకవైపున అదే హక్కు కుంచించుకొనిపోవుచుండెను. జాతిని బట్టి ఓటు నిరాకరింపరాదని 1870లోనే పదునైదవ సవరణ శాసించియుండెను. దక్షిణ రాష్ట్రములు దానిని బాహాటముగా ధిక్కరింపలేదు. 1890లో మిసిసిపీ తలపన్నును, అక్షరాస్యతా పరీక్షను నియమముగా పెట్టెను. తక్కిన రాష్ట్రము లనుసరించినవి. ఆ నిబంధనలలో నల్లవారి పేరెత్తలేదు. పరీక్ష పెట్టునది నమోదు గుమాస్తా. ఒకనికి సులువైన వాక్యము చూపి, వేఱొకనిని రాజ్యాంగమునందలి కఠినభాగమునకు అర్థము చెప్పుమనుట యతని యిష్టము. లూసియానాలో 1896లో 1,30,000కు పైబడియుండిన నల్లజాతి ఓటర్లు 1904 నాటికి 1,342కు దిగజాఱిరి. కావుననే 1920లో స్త్రీలకు ఓటు వచ్చినను, దక్షిణమున నల్లజాతి స్త్రీలలో ననేకులకు నమోదు కార్యాలయపు తలుపు మూసియేయుండెను. దానిని తెఱచుటకు 1965 నాటి ఓటు హక్కుల చట్టము రావలసివచ్చెను.

మనవారి కథయు నిందు కొంత కలదు. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వమునకు అర్హుడు కాడని 1923లో అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పౌరసత్వము లేనిచో ఓటెక్కడిది? భారతీయులకు ఆ తలుపు 1946లో తెఱువబడెను.

నేను రిజిస్టర్ల నడుమ ఉద్యోగము గడపినవాడను. ఒక గీతతో పేరు చేరుననియు, ఒక గీతతో పోవుననియు నెఱుగుదును. మన రాజ్యాంగము పన్నుగాని పరీక్షగాని లేకుండ వయోజనులందఱికిని ఓటు నొసగెను. అయినను 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి యని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల స్త్రీల నమోదులు పట్టికనుండి తొలగింపబడినవి. హక్కుండెను, పేరు లేకపోయెను.

పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనము సంఖ్యలో కొద్దిమందిమి. మన బడులకొఱకు, మన భాషకొఱకు ఏమి కోరవలెనన్నను ఆ కోరికకు బలము పట్టికలోని మన పేరే. కావున ప్రతి కుటుంబమును పట్టిక వెలువడినపుడెల్ల తన యింటివారి పేర్లను, ముఖ్యముగా క్రొత్తగా వచ్చిన కోడండ్ర పేర్లను, వయస్సు వచ్చిన బిడ్డల పేర్లను సరిచూచుకొనుగాక.